గీతకు ఇవతల నిలిచిన మాష్టరుగారు

(పాఠశాల వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన వార్షికోత్సవ సభలలో భాషను గూర్చియో, సాహిత్యమును గూర్చియో మాట్లాడుట వాడుక. 1911 లో చిత్తూరు జిల్లా వేరుపడకముందు ఈ ప్రాంతమంతయు ఉత్తర ఆర్కాటు జిల్లాగా ఒక్కటియై యుండెను. ఆనాటినుండి ఇచ్చట నిలిచిన తెలుగు కుటుంబములు తమ పిల్లల నోట తెలుగు నిలుపుటకై పెట్టుకొన్న బడి ఇది. కావున ఇక్కడ భాష మాట ముందు వచ్చుట సహజమే. ఈసారి ఒక ఫుట్‌బాలు శిక్షకుని గూర్చి మాట్లాడుదుమని మేము వ్రాయగా కార్యదర్శిగారు కొంత ఆశ్చర్యపడిరి. వేదికపై శాలువలు కప్పుకొని ఆటల మాట ఏమిటని మీలో కొందరికిని తోచవచ్చును.

కారణము చెప్పెదము. గడచిన పరీక్షల తరువాత 9, 10 తరగతుల తల్లిదండ్రులలో పలువురు ఒక విన్నపపత్రముపై సంతకములు చేసి ఇచ్చిరి. ఆ రెండు తరగతులకు ఆటల పిరియడు తీసివేసి ఆ సమయమును చదువునకు ఇయ్యవలెనని అందులోని కోరిక. దానిని మేము తేలికగా త్రోసివేయుట లేదు. 2006 నాటి తమిళ బోధన చట్టము వలన మన రాష్ట్రమున ఒకటవ తరగతినుండి పదవ తరగతివరకు తమిళము తప్పనిసరి పాఠ్యాంశమైనది. ఆ చట్టము క్రింద చదివిన తొలి జట్టు 2015–16 లో పదవ తరగతికి వచ్చినది. ఉన్న ఊరి భాష నేర్చుకొనుట మంచిదే, దానికి మనలో ఎవరును ఏడ్చుట లేదు. అయినను తెలుగు, తమిళము, ఆంగ్లము మూడును మోయుచు, వానిపై లెక్కలు, సామాన్యశాస్త్రము మోయు పిల్లవానికి దినమున గంటలు చాలవు. ఎక్కడో ఒకచోట కోత పెట్టవలెను. కత్తి ముందుగా పడునది ఆటల పిరియడు మీదనే. ఈ స్థితిలో మాకు హైదరాబాదునకు చెందిన ఒక బడిపంతులు జ్ఞాపకమునకు వచ్చెను. ఆయన కథ విన్న పిమ్మట ఆ విన్నపమును మరియొకసారి చదువుదము.

ముందుగా శిక్షకుడను ఉద్యోగమును గూర్చి రెండు మాటలు. లోకములో దానికి మిక్కిలి గౌరవమిచ్చిన చోటు అమెరికా కళాశాలలు. అక్కడ ఫుట్‌బాలు అనబడు ఆట మనది కాదు. బంతి కోడిగ్రుడ్డు వలె ఉండును. దానిని కాలితో తన్నుటకంటె చేతబట్టి పరుగెత్తుటయే ఎక్కువ. జట్టునకు 11 మంది, వారి తలలకు శిరస్త్రాణములు, భుజములకు కవచములు. క్రొత్తగా చూచువారికి చిన్న కురుక్షేత్రము వలె కనబడును. ఆ ఆట కొన్ని క్షణములకొకసారి ఆగును. ఆగినప్పుడెల్ల గీతకు బయట నిలిచిన శిక్షకుడు తరువాతి ఎత్తు ఏమిటో, ఎవడు ఎటు పోవలెనో చెప్పి పంపును. చదరంగమాడువానికి పావులమీద గల అధికారము వంటిది వానికి కలదు.

అట్టివారిలో నూట్ రాక్నీ అను నాతడు 1918 నుండి 1930 వరకు నోటర్ డామ్ విశ్వవిద్యాలయ జట్టునకు శిక్షకుడుగా నుండి 105 ఆటలు గెలిచి, 12 ఓడి, 5 సమముగా ముగించెను. 1931 లో విమాన ప్రమాదమున మరణించెను. ఆతడు నార్వే దేశమున పుట్టి చిన్నతనమున తల్లిదండ్రులతో అమెరికా చేరినవాడు. ఇంటి భాష ఒకటి, బడి భాష వేరొకటి. ఆ విశ్వవిద్యాలయముననే రసాయన శాస్త్రము చెప్పినవాడు గూడ. అయితే రాక్నీ వంటివారు వ్రేళ్లమీద లెక్కింపదగినవారు. తక్కిన శిక్షకులలో పెక్కుమంది చిన్న కళాశాలలలోను, చిన్న పట్టణముల జట్లలోను జీవితము గడుపుదురు. రెండేండ్లు వరుసగా ఓడినచో మూట గట్టుకొని మరియొక ఊరికి పోవుదురు. వారి పేర్లు ఆ ఊళ్ల పిల్లలకు తప్ప తెలియవు.

ఆ పద్ధతికిని మన ప్రాంతమునకును ఒక చుట్టరికము కలదు. అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు అను ఊరిలో వై.ఎం.సి.ఏ. వారి శిక్షణ కళాశాల యుండెను. 1891 లో బాస్కెట్‌బాలు ఆట పుట్టినది అక్కడనే. చికాగో విశ్వవిద్యాలయమున 1892 నుండి 1932 వరకు ఫుట్‌బాలు శిక్షకుడుగా నుండిన ఏమోస్ అలోంజో స్టాగ్ గూడ ముందుగా అక్కడివాడే. ఆ కళాశాలలో చదివిన హ్యారీ క్రో బక్ అను నాతడు మదరాసునకు వచ్చి 1920 లో వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించెను. 1924 లో పారిస్ ఒలింపిక్సునకు భారత జట్టు వెంట వెళ్లినవాడును అతడే. మన బడులలో డ్రిల్లు మాష్టరు అను పదవికి ఒక చదువు, ఒక పట్టా ఉండవలెనను ఆలోచన ఈ దేశమున వ్రేళ్లూనినది అటువంటి కళాశాలల వలననే. అమెరికావారు వేలూరికి క్రొత్తవారు కారు. ఊరీస్ కళాశాలయు, ఐడా స్కడర్ అమ్మగారు నెలకొల్పిన వైద్యశాలయు మన కండ్లయెదుటనే యున్నవి. ఆసుపత్రిని, కళాశాలను జ్ఞాపకముంచుకొన్నాము. డ్రిల్లు మాష్టరును మాత్రము మరచితిమి.

ఇక మన పంతులుగారి మాట. వారి పేరు సయ్యదు అబ్దుల్ రహీము. 1909 ఆగష్టు 17 న హైదరాబాదులో జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, ఆ విశ్వవిద్యాలయ జట్టులో ఫుట్‌బాలు ఆడి పట్టభద్రులైరి. తరువాత కాచిగూడ మిడిల్ స్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు మొదలగు బడులలో పాఠములు చెప్పిరి. ఉద్యోగములో నుండియే వ్యాయామ విద్యలో డిప్లొమా సంపాదించి ఆటల బాధ్యత తీసికొనిరి. 1943 లో హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శియై, మరణించువరకు ఆ పని చూచిరి. 1950 లో హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షకులైరి. ఆ సంవత్సరము మొదలుకొని 1954 వరకు వరుసగా 5 సార్లు ఆ పోలీసులు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచిరి. హైదరాబాదు రాష్ట్ర జట్టు 1956 లోను, 1957 లోను సంతోష్ ట్రోఫీ గెలిచినది. పెద్ద పెద్ద కలకత్తా జట్ల యెదుట కానిస్టేబుళ్లు ఆడి గెలిచిన ఆ వైనము మా చిన్ననాట పెద్దలు కథగా చెప్పగా వినియున్నాము.

ఈ గెలుపులకు వెనుక నున్న పద్ధతి బడిపంతులు పద్ధతియే. ఆ రోజులలో మన దేశపు ఆటగానికి బంతి దొరికినచో దానిని కాలివద్దనే పెట్టుకొని, ఎదుటి నలుగురిని తప్పించి, చూచువారిచేత చప్పట్లు కొట్టించుకొనవలెనను మోజు మెండు. రహీముగారు దీనిని ఉపన్యాసములతో మాన్పింపలేదు. బంతిని కాలివద్ద ఉంచుకొని తప్పించుకొని పోరాదను నియమముతో ప్రత్యేకముగా పోటీలు ఏర్పాటు చేసిరి. బంతి వచ్చిన వెంటనే తోడివానికి అందింపవలెను. తనయొద్ద ఉంచుకొన్నచో తప్పు. అట్లే బలహీనమైన కాలితోనే తన్నవలెనని మరియొక విధమైన పోటీలు. ఎక్కములు రాని పిల్లవానిని కోపించుటకంటె ఎక్కములు లేనిదే సాగని ఆట యొకటి కల్పించిన చందమున నున్నది ఈ ఉపాయము. మాకు ఆయన చేసిన పనులన్నిటిలో ఇదియే మిక్కిలి నచ్చినది. కప్పులు గెలిచినవారు మరికొందరును ఉన్నారు.

ఇందాక చెప్పిన అమెరికా ఆటకును మన ఫుట్‌బాలునకును గల భేదము ఇక్కడ గమనింపదగినది. మన ఆట ఆగదు. ఈల మ్రోగిన తరువాత శిక్షకుడు చేయగలిగినది మిక్కిలి స్వల్పము. ఆ కాలమున అలసిన వానిని తీసి మరియొకని దింపుటకు గూడ వీలు లేదు. ప్రపంచ కప్పు పోటీలలో ఆటగాని మార్పునకు అనుమతి 1970 లో గాని రాలేదు. కనుక రహీముగారి పని యంతయు ఈలకు ముందే ముగియవలెను. ఆయన గీతకు ఇవతల నిలిచి, తాను నేర్పినది పిల్లలకు జ్ఞాపకమున్నదో లేదో చూచుచుండవలెను. పరీక్ష హాలు గుమ్మమువద్ద నిలిచిన మాష్టరు అవస్థ మనకు తెలియనిది కాదు.

దేశపు జట్టునకు ఆయన శిక్షకులుగా నుండిన కాలమును సంక్షేపముగా చెప్పుదుము. 1951 లో న్యూఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో ఇరానును 1–0 గా గెలిచి స్వర్ణము తెచ్చిరి. మరుసటి ఏడు హెల్సింకి ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో 10–1 గా ఓడిరి. మనవారిలో పలువురు ఆనాడు వట్టికాళ్లతో ఆడినవారు. చలిదేశపు పచ్చిక నేలమీద, బూట్లు తొడిగిన బలిష్ఠులయెదుట అది ఎట్లుండునో ఊహించుకొనవచ్చును. ఆ ఓటమి తరువాతనే జాతీయ ఫుట్‌బాలు సంఘము బూట్లు తప్పనిసరి చేసెను. పది గోలులు తిన్న శిక్షకుని అమెరికాలో నైనచో మరునాడే ఇంటికి పంపియుందురు. అదృష్టవశమున మనవారు పంపలేదు. నాలుగేండ్లకు, 1956 లో మెల్‌బోర్న్ ఒలింపిక్సులో, మన జట్టు ఆస్ట్రేలియాను ఆ దేశముననే 4–2 గా ఓడించి సెమీఫైనలు చేరెను. నెవిల్ డిసౌజా ఆనాడు ఒక్కడే 3 గోలులు చేసెను. సెమీఫైనలులో అదే యుగోస్లావియాపై మొదటి గోలు మనదే. తరువాత వారు 4 చేసి గెలిచిరి. మూడవ స్థానపు ఆటలోను బల్గేరియా చేతిలో ఓడి మనవారు నాలుగవ స్థానమున నిలిచిరి. మొదటి సుత్తు ఆట హంగేరీవారు రాకపోవుటచే ఆడకయే దాటినదన్న మాటను గూడ చెప్పుట న్యాయము. అయినను ఒలింపిక్సు ఫుట్‌బాలులో మన దేశము అంతవరకును, అటుపిమ్మటను, అంత ఎత్తు చూడలేదు. 1960 లో రోము నగరమున ఫ్రాన్సుతో 1–1 గా సమము చేసిరి. హంగేరీతో 1–2 గా ఓడిరి.

ఇంతవరకు లెక్కలు. ఇప్పుడు మేము ముఖ్యముగా చెప్పదలచిన మాట.

సికింద్రాబాదుకు వెలుపల బొల్లారము దగ్గర అమ్ముగూడ అను చిన్న ఊరు కలదు. అక్కడ తమిళ కుటుంబమున తులసీదాసు బలరామ్ అను పిల్లవాడు పుట్టెను. ఇంటిలో తమిళము, వీథిలో తెలుగు, పట్నములో ఉర్దూ. మన పిల్లలు తమిళనాట తెలుగు ఇండ్లలో పెరుగుచున్నారు. ఆ పిల్లవాడు తెలుగునాట తమిళపు ఇంటిలో పెరిగెను. కలిగిన కుటుంబము కాదు. చుట్టుపట్ల మైదానములలో ఆడుచుండగా రహీముగారి కంటబడెను. సంతోష్ ట్రోఫీ జట్టు ఎన్నికకు పట్నమునకు రమ్మని ఆయన పిలిచిరి. పిల్లవాడు రాలేననెను. అమ్ముగూడనుండి హైదరాబాదు సుమారు పది మైళ్లు. ప్రతిదినము వచ్చిపోవుటకు చేతిలో డబ్బు లేదు. ఇది విని రహీముగారు సైకిలు అద్దెకు తీసికొనుమని తన చేతి డబ్బు ఇచ్చిరి. పిల్లవాడు అద్దె సైకిలు త్రొక్కుకొని వచ్చెను. ఎన్నికయ్యెను.

ఇరువది ఏండ్ల ప్రాయమునకు అటునిటుగా ఆతడు మెల్‌బోర్న్‌లో ఆడెను. రోములో హంగేరీపై గోలు చేసినవాడు అతడే, పెరూపై చేసినవాడును అతడే. 1962 లో అర్జున పురస్కారము పొందెను. ఆ తరువాత అనారోగ్యముచే చిన్న వయస్సుననే ఆట మానవలసి వచ్చినది. 2023 ఫిబ్రవరిలో కాలము చేయువరకు ఆ సైకిలు మాట ఆతడు మరువలేదు. తనను ఆటగానిగా చేసినది రహీముగారే యని చెప్పుకొనుచుండెను.

ఈ కథలో ఎందరు శిక్షకులైనను చేయగలిగిన పని ఒకటి, చేయనిది ఒకటి కలవు. ఆడగల పిల్లవానిని గుర్తించుట మైదానము గట్టున కూర్చున్న తాతగారికి గూడ సాధ్యమే. వాడు ఎందుకు రాలేకపోవుచున్నాడో అడిగి, ఆ అడ్డమును తీసివేయువారు అరుదు. అడ్డము సైకిలు అద్దె యంత చిన్నదై యుండును. అడుగనివానికి అది కనబడదు.

ఈ మాట మేము ఇంత నొక్కి చెప్పుటకు మా అనుభవమే కారణము. చాల ఏండ్ల క్రిందట గుడియాత్తములో ఒక బడిలో మేము ఆటలు నేర్పుచుంటిమి. మగ్గము నేయు ఇంటి పిల్లవాడొకడు హాఫ్‌బ్యాకుగా ఆడుచుండెను. కౌండిన్య నది ఎండినప్పుడు ఇసుకలో ఆడి ఆడి వాని కాళ్లకు వచ్చిన బలమును చూచి మేము ఉబ్బిపోవుచుంటిమి. వాడు పదవ తరగతికి వచ్చిన ఏడు లెక్కల పాఠములు వెనుకబడినవని ఆటల పిరియడును లెక్కలకు అడిగిరి. మేము మారుమాట లేక ఇచ్చివేసితిమి. ఎవరును బలవంతపెట్టలేదు. ఎండలో నిలుచు పని తప్పినదని లోపల కొంత సంతోషించితిమి గూడ. సాయంకాలము బడి విడిచిన తరువాత ఆడవచ్చును గదా యని మాకు మేము సమాధానము చెప్పుకొంటిమి. సాయంకాలము వానికి ఇంటిలో లుంగీల పని యుండెను. ఆ పిరియడు ఒక్కటియే వాని ఆట. అది పోయిన తరువాత వాడు బడికి వచ్చుట తగ్గెను. అర్ధసంవత్సర పరీక్షల తరువాత రానేలేదు. వాని తండ్రిని కలిసి ఒక్క మాట మాట్లాడవలెనని మాకు తోచలేదు. వాని ఇల్లు బడికి రెండు వీథుల దూరమే.

ఆ పిల్లవాడు చెడిపోలేదు. కష్టపడి ఒక దుకాణము పెట్టుకొన్నాడు. వాని కుమార్తె నేడు మన బడిలోనే చదువుచున్నది. వాడు ఈ సభలో ఎక్కడ కూర్చున్నాడో చూచుటకు మాకు వెరపుగా నున్నది. లెక్కలలో వానికి ఆ ఏడు ఎన్ని మార్కులు వచ్చియుండెడివో ఎవరికిని తెలియదు, పరీక్షయే వ్రాయలేదు గనుక.

తండ్రులు మమ్ము ఒక ప్రశ్న అడుగుదురు. ఆట వలన అన్నము వచ్చునా? రాదని చెప్పుటయే నిజాయితీ. మన వేలూరు సత్తువాచారి పిల్లవాడు సతీష్ శివలింగము బరువులెత్తు పోటీలో 2014 లో గ్లాస్గోలోను, 2018 లో గోల్డ్‌కోస్టులోను కామన్వెల్త్ స్వర్ణములు తెచ్చెను. ఆ పేరు చెప్పి మిమ్ము ఆశపెట్టుట మాకు ఇష్టము లేదు. అట్టివాడు వేలలో ఒకడు. రహీముగారి పోలీసు జట్టులో ఆడినవారిలోను అనేకులు ఆట ముగిసిన తరువాత సామాన్య జీవితములే గడపిరి. రహీముగారు బడిపంతులుగా మొదలుపెట్టిన బ్రతుకులో ఐశ్వర్యము చూచినవారు కారు. మేము మాట్లాడుచున్నది పేరు పత్రికలో పడని తొంబదితొమ్మిది మందిని గూర్చి.

తల్లులు వేరొక ప్రశ్న అడుగుదురు: ఆడపిల్లలకు ఇదంతయు ఎందుకని. తమిళనాడు స్త్రీల ఫుట్‌బాలు జట్టు 2018 లోను, 2023 లోను జాతీయ విజేతగా నిలిచినది. ఆ జట్టులోని బాలికలలో పెక్కుమంది మన వంటి ఇండ్లవారే. మన బడిలో 9వ తరగతి బాలికలు బంతి అడిగి ఇప్పించుకొనుటకు రెండు నెలలు పట్టినదని విని మాకు సిగ్గు కలిగినది.

రహీముగారి చివరి ఆట చెప్పి ఈ కథ ముగించెదము. 1962 లో జకార్తాలో ఆసియా క్రీడలు. ఇజ్రాయెలు, తైవాను క్రీడాకారులకు ఇండొనేషియా ప్రవేశము నిరాకరించుటను భారతీయుడైన జి.డి. సోంధీ ఆక్షేపించినందున ఆ ఊరివారు మనవారిపై మండిపడుచుండిరి. మన జట్టు మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2–0 గా ఓడినది. థాయిలాండుతో ఆటలో వెనుకవరుస కాపరి జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడినవి. అట్టివాడు వెనుక నిలిచి తలతో బంతులు ఆపుట కష్టము. రహీముగారు వానిని ఇంటికి పంపక, తీసి ప్రక్కన పెట్టక, ముందు వరుసకు మార్చి గోలులు చేయు స్థానమున నిలిపిరి. సెమీఫైనలులో దక్షిణ వియత్నామును 3–2 గా గెలిచిరి. సెప్టెంబరు 4 న తుది ఆట మరల దక్షిణ కొరియాతోనే. సుమారు లక్షమంది జనము, వారిలో మనవైపు నోరెత్తువారు అరుదు. చూనీ గోస్వామి నాయకుడు. మొదటి గోలు పి.కె. బెనర్జీ చేసెను. రెండవది తలకు కట్టుతో ఆడిన జర్నైల్ సింగు చేసెను. చివరికి 2–1 గా మనకు స్వర్ణము వచ్చినది. ఆసియా క్రీడల ఫుట్‌బాలు స్వర్ణము ఆ తరువాత మన దేశమునకు మరల రాలేదు.

ఆనాటికే రహీముగారు ఊపిరితిత్తుల కాన్సరుతో బాధపడుచుండిరి. ఆటకు ముందురాత్రి పిల్లలను పిలిచి తమకు ఒక కానుక కావలెనని అడిగిరని ఆ ఆటగాండ్రు పిమ్మట చెప్పుకొనిరి. 1963 జూన్ 11 న, 53 ఏండ్ల వయస్సున కాలధర్మము చెందిరి. గురువులకు ప్రభుత్వమువారు ఇచ్చు ద్రోణాచార్య పురస్కారము 1985 లో గాని పుట్టలేదు. 1990 లో ఫుట్‌బాలునకు ఆ పురస్కారము పొందిన సయ్యదు నయీముద్దీను హైదరాబాదు మైదానములలోనే పెరిగినవారు. రహీముగారిపై 2024 లో ‘మైదాన్’ అను హిందీ చలనచిత్రము వచ్చినది. చూచిన పిల్లలు మన బడిలోను ఉన్నారు. వారు మా యొద్దకు వచ్చి, ఆయన నిజముగా ఉండెనా యని అడిగిరి. ఈ ప్రసంగమునకు మొదటి ప్రేరణ ఆ ప్రశ్నయే.

ఇక మన విన్నపపత్రము. ప్రధానోపాధ్యాయులతోను, తమిళ ఉపాధ్యాయినితోను కూర్చుండి మాట్లాడితిమి. ఆమె చెప్పిన మాట మాకు కండ్లు తెరిపించినది. వెనుకబడిన పిల్లలకు దినమునకు ముప్పావుగంట చాలునని, అది మధ్యాహ్నము నిద్రకండ్లతో కంటె ఉదయము మేలని ఆమె అనిరి. కనుక 9, 10 తరగతులకు అదనపు తమిళము ఉదయము 8 గంటలకు పెట్టుటకు ఆమె ఒప్పుకొనిరి. ఆటల పిరియడు వారమునకు రెండు, అవి ఉన్నచోటనే ఉండును.

బడి విడిచిన తరువాత ఆడించవచ్చును గదా యని కొందరు సూచించిరి. వేలూరు పిల్లలకు అది సరిపడును. గుడియాత్తమునుండి వచ్చు పిల్లలు నాలుగున్నరకే పుస్తకములు సర్దుకొని బస్సునకు పరుగెత్తుచున్నారు. ఆలస్యమైనచో ఇల్లు చేరుసరికి చీకటిపడును. మా పాత హాఫ్‌బ్యాకు వలె వారికి బడి పిరియడు ఒక్కటియే ఆట. అది తీసివేసినచో తీసివేయునది వారినుండియే. జట్టునకు ఎన్నికైన గుడియాత్తము పిల్లలు శుక్రవారము సాయంకాలము గంటసేపు ఆగవలసియుండును. వారి తిరుగు ప్రయాణపు చార్జీ సంఘము భరించుటకు కార్యవర్గము నిన్న ఒప్పుకొన్నది. ఒక ఉపాధ్యాయుడు వారితోకూడ బస్సులో పోవును. ఇందుకు కోశాధికారిగారు చేసిన ఆక్షేపణలను ఇక్కడ చెప్పము. వారు తుదకు సంతకము చేసిరి.

తల్లిదండ్రులారా, మీ పిల్లలు రేపు ఒక చీటీ తెచ్చెదరు. అందులో మూడు గళ్లు ఉన్నవి: ఉదయపు తమిళమునకు పంపెదమా, శుక్రవారము ఆగనిచ్చెదమా, ఆగనీయలేకపోయినచో కారణమేమి. మూడవ గడిని దయచేసి ఖాళీగా వదలకుడు. మగ్గము పని యుండవచ్చును, చిన్న తమ్ముని చూచుకొనవలసి యుండవచ్చును, చీకటిపడునను భయము ఉండవచ్చును. ఏదైనను వ్రాయుడు. తెలుగున గాని తమిళమున గాని వ్రాయుడు. వ్రాయుటకు వీలుకాని వారి ఇంటికి మేమే వచ్చి అడిగెదము. ఈసారి రెండు వీథుల దూరమైనను నడచెదము.

బూట్లకై ఎవరును ఖర్చు పెట్టవలదు. పాతవి పదునాలుగు జతలు కుట్టించి, అడుగులు వేయించి ఉంచితిమి. పాదపు కొలత మాత్రము చీటీ వెనుక వ్రాసి పంపుడు.